మెడ నొప్పికి చేతి వైద్యం, ఎక్సర్‌సైజులు చేయించుకోవాలా? సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పక్క మన ఇళ్లలో మెడ పట్టేస్తే ముందు బామ్ రాస్తారు. తగ్గకపోతే మందుల షాపులో అడిగి మాత్ర వేసుకుంటారు. అదీ కాకపోతే పట్టీ కట్టుకుని తిరుగుతారు. నెల దాటాక ఎవరో ఒకరు "ఫిజియో దగ్గరికి వెళ్లు" అంటారు. అక్కడి నుంచి అనుమానాలు మొదలవుతాయి. చేత్తో నొక్కితే తగ్గుతుందా? ఉన్న నరం ఇంకా దెబ్బతినదు కదా? ఎన్నిసార్లు తిరగాలి? ఈ వైపు ఫిజియోథెరపీ చేస్తూ నేను రోజూ వినే ప్రశ్నలనే ఇక్కడ రాశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రమాద సూచనలు లేని మెడ నొప్పికి చేతి వైద్యం, వ్యాయామం కలిపి కొన్ని వారాలు గట్టిగా ప్రయత్నించి చూడటం మంచి నిర్ణయం. ఆ రెండింటిలో ఎక్కువ నమ్ముకోవలసింది వ్యాయామాన్ని. చేతి వైద్యం వల్ల నొప్పి కాస్త నెమ్మదించి వ్యాయామం చేయడం సులువవుతుంది.

అసలు ఈ నొప్పి దేనివల్ల వస్తుంది?

మెడలో ఏడు పూసలు, వాటి మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులు, వెనక చిన్న చిన్న కీళ్లు, చుట్టూ పొరలు పొరలుగా కండరాలు ఉంటాయి. సుమారు 4.5 నుంచి 5 కిలోల తలను ఇవన్నీ కలిసి మోస్తాయి. ఎక్కువమందిలో నొప్పికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించలేం. కీళ్లు బిగుసుకోవడం, కండరాలు అలిసిపోవడం, ఒకే తీరున గంటల తరబడి ఉండిపోవడం, నిద్ర చాలకపోవడం, ఇంట్లో టెన్షన్లు అన్నీ కలిసి నొప్పి అవుతాయి. బరంపురంలో పట్టుచీరల మగ్గం మీద కూర్చునేవాళ్లు, జీడిపిక్కలు వలిచే ఆడవాళ్లు, గోపాలపూర్ ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, ఫోను దించని కుర్రాళ్లు, అందరిలోనూ కనబడేది ఒకటే: తల వంచి కదలకుండా ఉండిపోవడం. "నేను సరిగ్గా కూర్చోవడం లేదు, అందుకే వచ్చింది" అని చాలామంది తమను తాము తిట్టుకుంటారు. అందరికీ సరిపడే సరైన కూర్చునే తీరు అంటూ ఏదీ లేదు. ఎంత నిటారుగా కూర్చున్నా రెండు గంటలు కదలకపోతే మెడ పట్టేస్తుంది.

వచ్చిన నొప్పి తనంతట తను పోతుందా?

కొత్తగా వచ్చినది చాలామందిలో కొద్ది వారాల్లో బాగా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ రావడం మాత్రం మామూలే. అందుకే నిన్న పట్టేసిన మెడకు కంగారు పడి చికిత్సకు పరుగెత్తక్కర్లేదు. కాపడం పెట్టుకుని, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మెడ కదుపుతూ, పని చేసుకుంటూ వారం పది రోజులు చూడండి. తగ్గే దారిలో లేకపోయినా, ఇలా రావడం ఇది మూడోసారో నాలుగోసారో అయినా అప్పుడు ఈ చికిత్స గురించి ఆలోచించండి.

ఫిజియో దగ్గరికి కాకుండా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాల్సింది ఎవరు?

ఈ జవాబు ఒక్కటి మాత్రం ఆసాంతం చదవండి.

దెబ్బ తగిలి వచ్చిన నొప్పి అయితే ముందు ఆసుపత్రికే. బైకు మీంచి పడ్డా, కొబ్బరిచెట్టో జీడిచెట్టో ఎక్కి జారినా, మూడడుగుల ఎత్తు నుంచి పడినా సరే. 65 ఏళ్లు దాటినవాళ్లకు చిన్న దెబ్బ కూడా పెద్దదే అనుకోవాలి. దెబ్బ తర్వాత చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినా, తలను అటూ ఇటూ 45 డిగ్రీలు కూడా తిప్పలేకపోయినా మెడను కదపకుండా తీసుకెళ్లాలి. ఆ సమయంలో నూనె రాసి రుద్దడం, లాగడం పనికిరాదు.

వెన్నుపాము మీద ఒత్తిడి పడితే నొప్పి పెద్దగా లేకపోవచ్చు కూడా. చేతులు, కాళ్లలోనే తేడా తెలుస్తుంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అవస్థ పడతారు. అన్నం కలిపి ముద్ద చేస్తుంటే వేళ్లు మాట వినవు. మగ్గం మీద తెగిన పోగు అతకడం ఇన్నాళ్లూ చూడకుండా చేసిన మనిషికి ఇప్పుడు చేత కాదు. నడుస్తుంటే తూలుతారు, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పుతుంది. వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయొద్దు. ఇది న్యూరోసర్జన్, ఆర్థోపెడిక్ డాక్టర్లు చూడాల్సిన కేసు. గంజాం, గజపతి వైపు వాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, కోరాపుట్ వైపు వాళ్లకు అక్కడి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి.

రాత్రుళ్లు ఎటు పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గిపోవడం ఉంటే వెన్నుపూసల టీబీ కావచ్చు. మన దేశంలో ఇది అరుదైన జబ్బు కాదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు కూడా ముందు డాక్టరుకు చూపించుకున్నాకే మెడ మీద చేయి వేయించుకోవాలి. కీళ్లవాతంలో మెడ పైభాగంలోని మొదటి రెండు పూసల పట్టు సడలే ప్రమాదముంది.

జ్వరంతో మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనకపోతే, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే, కళ్లకు రెండేసి కనిపిస్తే, మాట తడబడితే, మింగడం కష్టమైతే అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్లండి. చెమటలు, ఆయాసం, ఛాతీ బరువుతో పాటు మెడ, దవడ, ఎడమచేయి లాగుతుంటే ముందు ఈసీజీ తీయించండి.

ఎక్స్‌రే చూసి "ఎముక అరిగింది, స్పాండిలైటిస్" అన్నారు. అరిగిపోయాక ఎక్సర్‌సైజులు చేసి ఏం లాభం?

ఈ మాట విని బెంగపెట్టుకున్నవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. నలభై దాటాక మెడ ఎక్స్‌రే తీస్తే ఏదో ఒక అరుగుదల కనిపించడం సహజం. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎంఆర్‌ఐ తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. ఇరవైల్లో ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఉంది. వాళ్లెవరికీ నొప్పి లేదు. ఫిల్ములో కనిపించేదీ, మీకు నొప్పి పుట్టేదీ ఒకటే అని దాన్ని చూసి తేల్చలేం.

అరిగినది మళ్లీ పెరగదు, నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న కండరం ఏ వయసులోనైనా బలపడుతుంది, బిగుసుకున్న కీలు కదులుతుంది. పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉంటేనో, చేతిలో బలం తగ్గుతుంటేనో, వారాల తరబడి ప్రయత్నించినా తగ్గకపోతేనో ఎంఆర్‌ఐ అవసరం. ఊరికే చూద్దామని వేలు పోసి తీయించుకోకండి.

చేతి వైద్యం అంటే మసాజేనా?

మసాజ్ అందులో ఒక భాగం. ఫిజియోథెరపిస్టు చేతులతో చేసేవి ముఖ్యంగా మూడు రకాలు. బిగుసుకున్న కండరాన్ని నొక్కి వదులు చేయడం ఒకటి. మెడ కీళ్లను బొటనవేళ్లతో నెమ్మదిగా, లయగా, మీరు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేలా కదపడం రెండోది. మూడోది ఒక్క విసురుతో చిన్నగా తిప్పడం. టక్కుమని చప్పుడొచ్చేది ఇందులోనే. అది కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడటం వల్ల వచ్చే చప్పుడు. ఎముక "తిరిగి చోటులో పడింది" అని ఎవరన్నా చెబితే నమ్మకండి, పూసలు అలా చోటు తప్పి తిరుగుతూ ఉండవు. చేతి స్పర్శతో నొప్పిని మోసుకెళ్లే వ్యవస్థ కొంతసేపు శాంతిస్తుంది, కండరం బిగువు సడలుతుంది, మెడ తిప్పడానికి ధైర్యం వస్తుంది. ఆ వెసులుబాటు కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది. ఆలోగా మెడతో పని చేయించుకోవాలి. అదే వ్యాయామం.

"నువ్వు నొక్కితే చాలు బాబూ, ఆ ఎక్సర్‌సైజులు నావల్ల కాదు" అని పెద్దవాళ్లు అంటుంటారు. అలా నొక్కించుకుని వెళ్లినవాళ్లు పదిహేను రోజులకు మళ్లీ వస్తారు. డబ్బు ఖర్చు తప్ప మెడకు ఒరిగేది తక్కువ.

సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరుస్తారు కదా, అది చేయించుకుంటే పోదా?

వద్దు. 2024లో బళ్లారి కుర్రాడొకరు సెలూన్‌లో తలకు మర్దన చేయించుకుంటుండగా మెడ విసురుగా తిప్పడంతో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగి పక్షవాతం వచ్చింది. కోలుకోవడానికి నెలలు పట్టింది. మీ మెడలో ఏముందో చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా తిప్పే చేతికి మెడ అప్పగించకండి. తిరునాళ్లలో, సంతల్లో కూర్చునే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మరి ఫిజియో చేస్తే ప్రమాదం లేదా?

చేయించుకున్న రోజు, మర్నాడు మెడ కాస్త నొప్పిగా, బరువుగా ఉండటం, కొంచెం తలనొప్పి రావడం మామూలే. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ధమని చిరగడం లాంటి పెద్ద ప్రమాదం చాలా అరుదు. కానీ జరిగితే మనిషి జీవితమే మారిపోతుంది. అందువల్ల నా సలహా సూటిగా ఉంటుంది: ఒక్క విసురుతో తిప్పే పద్ధతి లేకుండానే చికిత్స చేయమని అడగండి. నెమ్మదిగా కదిపే పద్ధతితోనూ దాదాపు అంతే ఉపశమనం వస్తుందని పరిశోధనలు చూపిస్తున్నాయి. అలాంటప్పుడు ఉన్న కాస్త ప్రమాదాన్ని కూడా నెత్తిన పెట్టుకోవడం దేనికి?

ఏ థెరపిస్టయినా మెడ మీద చేయి వేసేముందు ఏం చేయబోతున్నారో చెప్పాలి, మీరు సరేననాలి. చేస్తుండగా తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ముఖం తిమ్మిరెక్కినా వెంటనే చెప్పండి. పెద్దమనిషి ముందు నోరెత్తడం మర్యాద కాదని ఊరుకోకండి.

పనిచేస్తుందనడానికి రుజువేమైనా ఉందా?

ఉంది. అద్భుతాలేమీ జరగవు కానీ నమ్మదగ్గ రుజువే. అమెరికాలో 272 మంది మీద జరిగిన పరిశోధన 2012లో వచ్చింది. 2 నుంచి 12 వారాలుగా మెడ నొప్పి ఉన్నవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చేతి వైద్యం, ఒక గుంపుకు మందులు, ఇంకొక గుంపుకు రెండే రెండు సిట్టింగుల్లో నేర్పిన ఇంటి వ్యాయామం. చేతి వైద్యం మందుల కంటే మెరుగ్గా పనిచేసింది. ఇంటి వ్యాయామం చాలావరకు చేతి వైద్యంతో సమానంగా నిలిచింది. రెండుసార్లు నేర్చుకుని ఇంట్లో చేసుకున్నది పన్నెండు వారాల చేతి వైద్యానికి దీటుగా వచ్చిందంటే, దూరాభారం ఉన్న మనలాంటి వాళ్లకు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది?

పాతబడిన నొప్పికి ఫిన్లాండ్‌లో 180 మంది ఆఫీసు ఉద్యోగినుల మీద చేసి 2003లో ప్రచురించిన పరిశోధన చూడాలి. ఏడాది పాటు మెడ, భుజాల కండరాలకు బలం పెంచే వ్యాయామం చేసినవాళ్లకు నొప్పి బాగా తగ్గింది. ఒట్టి స్ట్రెచింగులతో ఆగినవాళ్లకు అంత తగ్గలేదు. మెడ నుంచి పుట్టి తల వెనకకు పాకే తలనొప్పి ఉన్న 200 మందితో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2002లో వచ్చింది. చేతి వైద్యమూ పనిచేసింది, వ్యాయామమూ పనిచేసింది, ఆరు వారాల చికిత్స ఫలితం ఏడాది తర్వాత కూడా నిలిచింది. రెండూ కలిపి చేసినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువమందికి ఉపశమనం దక్కింది.

అందరికీ పూర్తిగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒక్క నొప్పి మాత్రతో పోయేదానికి ఇంత తిప్పలెందుకు?

రెండు మూడు రోజులు డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. నా భయమంతా నెలల తరబడి షాపులో కొనుక్కుని మింగేవాళ్ల గురించి. మనకు కూతవేటు దూరంలో ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో సరిహద్దుకు ఇటువైపు బంధువులున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ జబ్బుకు అసలు మూలం వేరే కావచ్చు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు బలహీనపడ్డ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలినంత తాగకుండా పనిచేసే మనిషి వీటిని మింగితే ముప్పు ఇంకా ఎక్కువ. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవాళ్లు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా, డాక్టరును అడగకుండా ఇవి వేసుకోవద్దు. కిడ్నీ మీద భారం వేయని దారి ఒకటుందని తెలిశాక ముందు దాన్ని ప్రయత్నించాలి. ఈ పక్క తెలుగువాళ్లకు నేను వ్యాయామం గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి ముఖ్యమైన కారణం ఇదే.

మొదటి సిట్టింగులో ఏం జరుగుతుంది?

మంచి థెరపిస్టు మొదట మాట్లాడతారు. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఏం చేస్తే నెమ్మదిస్తుంది, నిద్ర ఎలా పడుతోంది, ఏం పని చేస్తారు అని అడుగుతారు. తర్వాత మెడ ఆరు వైపులా ఎంత తిరుగుతుందో చూస్తారు. చేతుల బలం, స్పర్శ, సుత్తితో కొట్టి రిఫ్లెక్సులు చూస్తారు. భుజం, వీపు పైభాగం కూడా తడిమి చూస్తారు, ఎందుకంటే వీపు పైభాగం బిగుసుకుంటే మెడ మీద భారం పెరుగుతుంది. ఇవేవీ చూడకుండా నేరుగా మిషను తగిలించి పదిహేను నిమిషాలు పడుకోబెట్టేసి వెళ్లిపోతే, మరో చోటు వెతుక్కోండి.

ఆడవాళ్లకు మెడ, భుజాలు కనిపించేలా బట్ట సర్దుకోవాల్సి వస్తుంది. తోడుగా ఇంట్లోవాళ్లను గదిలో ఉంచుకోవచ్చు. మహిళా థెరపిస్టు కావాలని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లో ఏ ఎక్సర్‌సైజులు చేయాలి?

మీ మెడ చూసిన మనిషి చెప్పినవి చేయాలి. అయినా దాదాపు అందరికీ నేర్పేది ఒకటుంది, దాన్ని చాలామంది తప్పుగా చేస్తారు కాబట్టి వివరంగా చెబుతాను.

నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడవండి. తల కింద తువ్వాలు రెండు మడతలు పెట్టండి, దిండు వద్దు. ఇప్పుడు తల ఎత్తకుండా, "ఊఁ" అని తలాడించినంత కొద్దిగా గడ్డాన్ని కిందికి దించండి. తల వెనకభాగం తువ్వాలు మీద అర అంగుళం పైకి జారినట్టుగా ఉంటుంది, అంతే. ఒక చేతి రెండు వేళ్లు గొంతు పక్కన పెట్టి చూడండి. చెవి కింద నుంచి గొంతు గుంట దాకా వచ్చే లావు కండరం తాడులా లేచి గట్టిపడితే మీరు ఎక్కువ బలం పెడుతున్నారు, తగ్గించండి. ఆ కండరం మెత్తగానే ఉండాలి. పని చేయాల్సింది లోపల, పూసలను అంటిపెట్టుకుని ఉండే సన్నటి కండరాలు. పళ్లు బిగించకండి, ఊపిరి ఆపకండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి వదలండి. పదిసార్లు. మొదట్లో మూడు అంకెలకే వణుకు వస్తుంది. కంగారు పడకండి, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

దీనితో పాటు మెడను రెండు పక్కలా నెమ్మదిగా తిప్పడం, వీపు మీది రెండు రెక్క ఎముకలనూ వెనక్కి దగ్గరికి లాగడం నేర్పుతారు. నొప్పి కాస్త నెమ్మదించాక రబ్బరు బ్యాండు కిటికీ ఊచకు కట్టి వెనక్కి లాగడం లాంటి బలం పెంచేవి మొదలుపెట్టాలి. చాలామంది మెత్తటి కదలికల దగ్గరే ఆగిపోతారు, అది చాలదు. ఇంటి పనీ, చేను పనీ చేస్తున్నాం కదా, అదే వ్యాయామం అనేవాళ్లూ ఉన్నారు. ఆ పనిలో అలిసేది రోజూ అలిసే కండరాలే. బలం పెరగాల్సినవి వేరే ఉన్నాయి.

చేస్తుంటే నొప్పి పుడుతోంది. ఆపేయాలా?

సున్నా నుంచి పది వరకు కొలిస్తే మూడు నాలుగు లోపు ఉండి, మర్నాటి ఉదయానికి మామూలైపోతే ఆపక్కర్లేదు. అంతకు మించితే సంఖ్య సగానికి తగ్గించండి. నొప్పి చేతిలోకి పాకితే, తిమ్మిరి పెరిగితే ఆపి థెరపిస్టుకు చెప్పండి.

నొప్పి చేతిలోకి దిగి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నరం నొక్కుకుందన్నారు. నాకూ ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది. కాస్త జాగ్రత్త, కాస్త ఓపిక ఎక్కువ కావాలి. ఇలాంటి నొప్పి కూడా ఎక్కువమందిలో ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాలు, నెలల్లో తగ్గుతుంది. చేయి ఎత్తి నెత్తిన పెట్టుకుంటే హాయిగా అనిపిస్తుందని చాలామంది చెబుతారు. అలా పెట్టుకుంటే నరం మీద లాగుడు తగ్గుతుంది, కాబట్టి అదేమీ భ్రమ కాదు. కొత్తగా మొదలైన చేతి నొప్పికి మొదటి కొద్ది వారాలు ఓ మోస్తరు గట్టి కాలర్ (మెడ పట్టీ) పెట్టుకుని విశ్రాంతి తీసుకున్నవాళ్లకూ, ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకూ, ఏమీ చేయనివాళ్ల కంటే ఆరు వారాల్లో నొప్పి ఎక్కువ తగ్గిందని 2009లో నెదర్లాండ్స్ పరిశోధన ఒకటి తేల్చింది.

చెయ్యి బలం తగ్గుతుంటే మాత్రం ఆగకండి. బిందె ఎత్తుతుంటే జారిపోతోందన్నా, గ్లాసు పట్టు నిలవడం లేదన్నా డాక్టరుకు చూపించాలి.

కాలర్ రోజూ పెట్టుకోవచ్చా?

చేతి నొప్పి లేని మామూలు మెడ నొప్పికి వద్దు. నెలల తరబడి పెట్టుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

కరెంటు పెట్టించుకుంటే సరిపోదా?

ఆ సేపటికి హాయిగా ఉంటుంది. అయితే కరెంటు మిషన్ల వల్ల నిలిచే లాభం ఉందనడానికి బలమైన ఆధారాలు లేవు. వ్యాయామంతో పాటు పెడితే సరే, వ్యాయామం బదులు పెడితే డబ్బు దండగ.

ఎన్ని సిట్టింగులు? పనిచేయడం లేదని ఎప్పుడు అనుకోవాలి?

మొదలుపెట్టే రోజే ఒక కాగితం మీద మీకు కష్టంగా ఉన్న మూడు పనులు రాసుకోండి. "బండి మీద వెనక్కి తిరిగి చూడటం", "గంటసేపు మగ్గం మీద కూర్చోవడం", "మధ్యలో లేవకుండా నిద్రపోవడం" ఇలాగ. ఒక్కొక్కదానికి సున్నా నుంచి పదికి మార్కు వేయండి. సున్నా అంటే అసలు చేయలేను, పది అంటే ఎప్పటిలా చేస్తాను. రెండు వారాలకొకసారి మళ్లీ వేయండి. నొప్పి ఎంతుంది అని రోజూ తడుముకోవడం కంటే ఇది నిజం చెబుతుంది.

వారానికి ఒకటి రెండు సిట్టింగుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు న్యాయమైన గడువు. ఈలోగా మార్కులు రెండేసి పెరిగితే సరైన దారిలో ఉన్నారు. చేతి వైద్యం తగ్గించుకుంటూ వ్యాయామం పెంచుకోండి. మూడు వారాలకు కూడా ఏ కదలికా లేకపోతే పద్ధతి మార్చమని అడగండి. ఆరు వారాలకూ లేకపోతే డాక్టరుకు మళ్లీ చూపించండి. ముప్పై సిట్టింగులకు ముందే డబ్బు కట్టమంటే కట్టకండి.

ఊరి నుంచి రావడానికే పూట పోతుంది. ప్రతిసారీ రావాలా?

అక్కర్లేదు. కొండ ఊళ్ల నుంచి బస్సు మారి వచ్చేవాళ్లు వారానికి ఒకసారో, పది రోజులకు ఒకసారో వచ్చినా నడుస్తుంది, ఇంట్లో రోజూ చేస్తే. వ్యాయామం చేస్తున్నప్పుడు మీ ఫోనులోనే వీడియో తీయించుకోండి, ఇంటికెళ్లాక గుర్తురాకపోతే అది చూసుకోవచ్చు. ఇందుకోసమే విశాఖ వెళ్లాల్సిన పని లేదు. గంటల తరబడి కూర్చుని చేసే ప్రయాణం మెడకు మంచిది కాదు, ఆ డబ్బుతో దగ్గర్లోనే ఎన్నో సిట్టింగులు అవుతాయి. ఆయుష్మాన్ కార్డు ఓపీ చికిత్సకు వర్తించదు, దాన్ని నమ్ముకుని ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉందేమో ముందు కనుక్కోండి.

చేసే మనిషికి చదువుందో లేదో ఎలా తెలుస్తుంది?

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారా, ఎక్కడ చదివారు అని నేరుగా అడగండి. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లకు పైబడిన చదువు. ఒడిశాలో కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లో ఉన్న జాతీయ పునరావాస సంస్థలో కూడా ఈ కోర్సు ఉంది. చదివినవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

థెరపిస్టుకు ఒడియా తప్ప రాదు. నా బాధ ఎలా చెప్పుకోవాలి?

నొప్పి చోటు వేలితో చూపించవచ్చు. మాటల్లో తప్పక చెప్పాల్సినవి రెండు. చెయ్యి తిమ్మిరిగా ఉంటే "హాత ఝిమ్ ఝిమ్ లాగుఛి" అనండి. తల తిరుగుతుంటే "ముండ బులాఉఛి" అనండి. వేసుకుంటున్న మందుల చీటీ, పాత రిపోర్టులు చేతిలో పెట్టండి. ఒడియా బాగా వచ్చిన కొడుకునో కోడలినో మొదటి రోజు వెంట తీసుకెళ్తే మేలు.

ఎలాంటి దిండు వాడాలి?

పక్కకు పడుకుంటే భుజానికీ తలకూ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు ఉండాలి. వెల్లకిలా పడుకుంటే పల్చటిది చాలు. ఖరీదైన దిండు కొనక్కర్లేదు.

పని మానేయాలా? తగ్గాక మళ్లీ రాకుండా ఏం చేయాలి?

పని మానొద్దు, పని తీరు మార్చుకోండి. అరగంటకు ఒకసారి రెండు నిమిషాలు లేచి భుజాలు తిప్పండి. జీడిపిక్కలు వలిచేచోట పీట ఎత్తు పెంచితే మెడ వంపు తగ్గుతుంది. నెత్తిన కట్టెల మోపు, నీళ్ల బిందె మోసేవాళ్లు నొప్పి ఉన్నన్నాళ్లు బరువు సగం చేసుకుని రెండుసార్లు మోయండి, చేతిలోకి నొప్పి దిగుతుంటే అసలు మోయొద్దు.

తగ్గిన నెలకే వ్యాయామం మానేయడం ఎక్కువమంది చేసే పని. రోజూ గంట చేయమని ఎవరూ అడగడం లేదు. మెడ, భుజాల నొప్పి తరచూ వచ్చే 198 మందితో డెన్మార్క్‌లో జరిగిన పరిశోధనలో రబ్బరు బ్యాండుతో వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు నిమిషాలు చేసినవాళ్లకు కూడా పది వారాల్లో నొప్పి తగ్గింది. పన్నెండు నిమిషాలు చేసినవాళ్లకూ ఇంచుమించు అంతే తగ్గింది. ఆ రెండు నిమిషాలు కొనసాగించండి. మళ్లీ పట్టేస్తే మొదటి నుంచి భయపడక్కర్లేదు: పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నాయేమో ఒకసారి చూసుకుని, లేకపోతే ఆ రోజే తువ్వాలు మడత వేసుకుని నేర్చుకున్న వ్యాయామం తక్కువ సంఖ్యతో మొదలుపెట్టండి. రెండు వారాల్లో దారికి రాకపోతే అప్పుడు మళ్లీ సిట్టింగుకు రండి.